నలభై ఒకటో పేరు

ఈ జూన్‌లో బళ్ళు తెరిచిన రెండో రోజో మూడో రోజో, జనగామలో మా సందు మొదట్లో ఆగిన పసుపుపచ్చ వ్యాన్‌లోకి మా మనవణ్ణి ఎక్కించి, వాడు మరిచిపోయిన నీళ్ళసీసా అందిస్తూ ఉండగా, తలుపు దగ్గర నిలబడ్డ కొత్త ఆయమ్మ పిల్లల తలలు తాకుతూ రెండు, నాలుగు, ఆరు అని జతలు జతలుగా లెక్కపెట్టింది. డ్రైవరు బండి కదిలించబోతుంటే చెయ్యడ్డం పెట్టి ఆపి, మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. డ్రైవరు విసుక్కున్నా ఆమె వినలేదు. ఈ కాలంలో ఇంత జాగ్రత్త గల మనిషి దొరకడం మా వాడి అదృష్టం అనుకుని లోపలికి రాబోతుంటే, ఆమె నా వైపు తిరిగి, "మంచిగున్నరా టీచరమ్మా? నన్ను గుర్తువట్టలే?" అంది.

నన్ను టీచరమ్మా అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పింఛను మనిషికి సొంత పేరెక్కడిది! కూరగాయల బండివాడికి అవ్వను, బ్యాంకులో పెద్దమ్మను, ఇంట్లో అమ్మమ్మను. అందుకని ఆ పిలుపు ఎవరిదో పోల్చుకోలేక వెర్రిముఖం వేసుకుని నిలబడితే, ఆమే నవ్వి, మా పాత ఊరి పేరు చెప్పి, "బడిల వంటామె బిడ్డను" అంది. అంతలో వ్యాన్ కదిలింది. ఆ పూట నేను బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయాను.

మీలో నా వయసు వాళ్ళు, ముఖ్యంగా పల్లెబడుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళు ఉంటే, నేను చెప్పబోయేది మీకు కొత్తగా ఉండదు, బహుశా మీ కథ కూడా ఇదే అయి ఉంటుంది. మనవాళ్ళు సన్మాన సభల్లో శాలువా కప్పుకుని, మా చేతి కింద ఇంతమంది పైకొచ్చారని చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నాను. మన చేతి కింద ఎంతమంది కిందికి పోయారో ఏ సభలోనూ ఎవరూ అడగరు, అదొక సౌకర్యం.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. కొడకండ్ల నుంచి లోపలికి ఆరేడు కిలోమీటర్లు వెళ్ళి, ఒక వాగు దాటితే వచ్చే చిన్న ఊళ్ళో నాకు ఉద్యోగం. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గుబావి దగ్గర ఆఫీసులో గుమాస్తా; శనివారం సాయంత్రం బయల్దేరి, పరకాల మీదుగా హన్మకొండ వచ్చి, అక్కడ బస్సు మారి, చివరికి ఎవరిదో సైకిల్ వెనక కూర్చుని ఇంటికి చేరేసరికి ఆదివారానికి సగం ఆయుష్షు తీరిపోయేది. నేనూ భూపాలపల్లిలో కాపురం పెట్టి ఉద్యోగం మానేయవచ్చు, లేదా మా పెద్దసారు లాగా జనగామలో ఉండి రోజూ బస్సు మీద వచ్చిపోవచ్చు. నేను ఊళ్ళోనే అద్దెకున్నాను. ఆ ఊరికి టీచరు వచ్చి అక్కడే ఉండడం అదే మొదలు కనుక, ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. తొలి పంట పెసలు, మొక్కజొన్న కంకులు, పండక్కి సకినాలు అన్నీ నా గడపకే ముందు వచ్చేవి.

నెత్తిన పెట్టుకోవడమే కాదు, నన్ను కళ్ళల్లో పెట్టుకుని చూశారు కూడా. నేను నీళ్ళు కాచి చల్లార్చి తాగుతానని తెలిసి, నెల తిరక్కుండా పది ఇళ్ళలో నీళ్ళు కాగాయి. ఓ వానాకాలం మా అమ్మాయికి హన్మకొండ నుంచి నీలం రంగు వానకోటు తెప్పిస్తే, మరుసటి ఏడాదికి ఊళ్ళో అదే నీలం కోట్లు డజను తిరిగాయి. వానలో దూరం నుంచి చూస్తే మా పిల్ల ఏదో నాకే తెలిసేది కాదు. ఊరు నా అడుగుల్లో అడుగు వేస్తోందని మురిసిపోయానే గాని, నేను పక్కకు అడుగు వేస్తే ఏమవుతుందోనన్న ఆలోచన నాకు ఒక్క పూట కూడా రాలేదు.

ఇక వంటామె. భర్త మగ్గాల పనికి భీవండి పోయి, వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు ఉండేవాడు. ఈమె బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. ఊళ్ళో కూలికి పోయే ఆడవాళ్ళలో ఆమె ఒక్కతే ఎండకు బయట పని చేయనిది కనుక, ఆ గరిటె పట్టుకోవడం ఆమెకు కలెక్టరు కొలువుతో సమానం. ఆమె బిడ్డ, మా అమ్మాయి ఒకే ఈడు, ఒకే తరగతి, ఒకే చాప. ఆ పిల్లకు చదువు అబ్బిన తీరు చెబితే అతిశయం అనుకుంటారు; పకోడీ పొట్లం విప్పితే పకోడీల కంటే ముందు కాగితం చదివేది. మా అమ్మాయికి పదమూడో ఎక్కం ఎంత బెదిరించినా నోటికి రాకపోతే, ఆ పిల్ల దాన్ని తొక్కుడుబిళ్ళ ఆడుతూ గడికో అంకె చొప్పున రెండు రోజుల్లో నేర్పేసింది. పొద్దున ప్రార్థన కాగానే పిల్లల తలలు జతలుగా లెక్కపెట్టి, బొగ్గుముక్కతో వంటగోడ మీద అంకె రాయడం ఆమె పని. ఆ అంకెను బట్టి వాళ్ళమ్మ బియ్యం కొలిచేది. తల్లికి చదువు రాదు గాని, బిడ్డ రాసిన అంకెలు మాత్రం చదువుకునేది.

ఆ పిల్లలు మూడో తరగతి పరీక్షలు రాసిన వేసవి సెలవుల్లో భూపాలపల్లి వెళ్ళాం. మా ఆయన తోటి ఉద్యోగి క్వార్టర్‌లో పుట్టినరోజు. కేకు చుట్టూ పిల్లలు నిలబడి, ఒకరి తర్వాత ఒకరు ఇంగ్లీషులో పాటలు పాడుతూ చేతులు తిప్పుతున్నారు. మా అమ్మాయిని కూడా ఏదైనా చెప్పమన్నారు. అది ఏమాత్రం జంకకుండా చేతులు కట్టుకుని పదమూడో ఎక్కం మొదటి నుంచి చివరి దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నిజంగానే నవ్వు వచ్చి నవ్వారు, మా ఆయన కూడా నవ్వారు. ఆ ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని, "టీచర్ బిడ్డనే గిట్ల తెలుగుల పెంచితే ఎట్ల అక్కా" అంది. ఆ మాట నన్ను తేలులా కుట్టింది. తిరుగు ప్రయాణంలో హన్మకొండ చేరేలోగా నిర్ణయం అయిపోయింది. పాలకుర్తిలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడి వ్యాన్ కొడకండ్ల దాకా వస్తోందని నాకు అప్పటికే తెలుసు.

తల్లిగా నాకు ఆ హక్కు లేదా అని ఎవరైనా అడిగితే, ఉంది. నా బిడ్డ, నా జీతం, నా ఇష్టం. ఇరవై ఏళ్ళుగా నన్ను నేను ఈ మూడు ముక్కలతోనే సముదాయించుకుంటున్నాను. కానీ హక్కే అయితే దాచుకోవడం ఎందుకు?

దాచాను. జూన్‌లో పెద్దసారు దగ్గరికి పోయి, అమ్మాయి పాలకుర్తి పోతుంది గాని పేరు మాత్రం మన రిజిస్టర్‌లోనే ఉంచుదామన్నాను. బడిలో నలభై ఒక్క పేర్లుండేవి. నలభై దాటకపోతే మా ఇద్దరిలో ఒక పోస్టుకు ముప్పు అని ఒక లెక్క. టీచరమ్మ బిడ్డ ఇంకా మా బడి పిల్లే అని ఊరికి చెప్పుకోవచ్చని ఇంకొక లెక్క. సొంత పిల్లలు జనగామలో ఏ బడికి పోతున్నారో ఊరి కంటపడకుండా బతికిన మనిషి కనుక పెద్దసారు నన్ను కాదనలేకపోయారు. "నువ్వు ఊళ్ళె ఉంటవమ్మా, నీ బిడ్డ వ్యానెక్కితె ఊరంత జూస్తది" అని మాత్రం అన్నారు. నా పిల్ల ఇంగ్లీషులో 'గుడ్ మార్నింగ్' అంటుంటే ఆ మాట నా చెవికెక్కలేదు.

అట్లా రోజూ పొద్దున్నే మా అమ్మాయిని చీకటి విడకముందే లేపి, తయారుచేసి, ఎవరిదో బండి మీద కొడకండ్ల పంపి, వచ్చి హాజరు పట్టికలో దాని పేరుకెదురుగా హాజరు వేసేదాన్ని. పైకి పిలవకుండా, కలం మాత్రం కదిలించేదాన్ని. పిల్లలకు అబద్ధం ఆడకూడదని నల్లబల్ల మీద సూక్తి రాసిన చెయ్యే అది. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు కదా, మిగతా సగం మీకు తెలుసు.

శ్రావణమాసంలో ఒక రోజు మండలం నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. ఆ రోజు గుడ్డు పెట్టే రోజు కనుక పిల్లలెవరూ మానలేదు. ఆయన రిజిస్టర్ తెరిచి, మంది ఎంత అని నన్నడిగితే నలభై ఒకటి అన్నాను. అంతలో ముందు వరుసలోంచి వంటామె బిడ్డ లేచి, చేతులు కట్టుకుని, "నలభయ్యే సార్, నేను లెక్కవెట్టిన, గోడ మీద గూడ రాసిన" అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. లెక్క సరిగ్గా తెలిసిన పిల్ల లెక్క సరిగ్గా చెప్పింది, అంతే. ఉద్యోగం పోతుందన్న భయమో, గుట్టు బయటపడిందన్న కోపమో తెలియదు, ఆ పిల్ల చెంప మీద ఛెళ్ళుమనేలా కొట్టాను. నా సర్వీసులో నేను పిల్లల్ని కొట్టని టీచరునని పేరు. లెక్క కూడా రాదా, మళ్ళీ పెట్టు అన్నాను.

ఆ పిల్ల మళ్ళీ లెక్కపెట్టింది. వరుసల మధ్య నడుస్తూ, ఒక్కొక్క జత తలలు తాకుతూ, చివరికి తన తల తాను తాకి, నలభై దగ్గర ఆగింది. నా ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా, "నలభై ఒకటి" అంది. అధికారి నవ్వి, సంతకం పెట్టి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. వెనక వాకిట్లోంచి వంటామె అంతా చూసింది. మధ్యాహ్నం నా పళ్ళెంలో ఎప్పటిలాగే గుడ్డు పెట్టింది. మర్నాటి నుంచి ఆ పిల్ల గోడ మీద అంకె రాయడం మానేసింది.

అంత చేసి దాచిన గుట్టు దసరా దాకా కూడా ఆగలేదు. ఊళ్ళో గుట్టు అంటే గంపకింద కోడి, కూయక మానదు. టీచరమ్మ బిడ్డ వ్యాన్‌లో పోతోందంటే, మన బడిలో చదువు లేదని టీచరమ్మకే తెలిసిపోయిందన్న మాట. వాళ్ళు అట్లాగే అర్థం చేసుకున్నారు, ఇంకెట్లా చేసుకుంటారు! దసరా సెలవుల తర్వాత ఎనిమిది మంది వ్యాన్ ఎక్కారు. సంక్రాంతి దాటాక వ్యానే వాగు దాటి మా ఊళ్ళోకి రావడం మొదలుపెట్టింది. పత్తి పైసలు రాని ఇళ్ళవాళ్ళు కూడా అప్పో సప్పో చేసి పిల్లల్ని ఎక్కించారు. నీలం వానకోట్లు తిరిగిన ఊరు కదా! తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్న సామెతకు తరగతిలో పిల్లలకు నేనే అర్థం చెప్పాను.

మళ్ళీ జూన్ వచ్చింది. బడిబాట అని ఇంటింటికీ తిరిగి, పిల్లల్ని సర్కారు బడికే పంపండని చెప్పాలి. ఒక ఇంట్లో పత్తిచేల పనికి పోయే తల్లి చాట పక్కన పెట్టి, ఏ వెటకారమూ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "మరి మీ బిడ్డ గా వ్యాన్ల పోతది గద టీచరమ్మా? మా పిలగాండ్లేం పాపం జేసిండ్రు?" మంచినీళ్ళు ఇప్పించమని అడిగి, తాగి, వచ్చేశాను. ఆ ఏడు బడిలో మిగిలింది తొమ్మిది మంది. సంక్రాంతి సెలవులతో ఊళ్ళో బడి మూసి, ఆ తొమ్మిది మందినీ వాగు అవతలి బడిలో కలిపారు.

నాకేం నష్టం రాలేదు. బచ్చన్నపేట వైపు వేశారు, జనగామలో ఇల్లు తీసుకున్నాను, మా ఆయనకు కూడా రాకపోకలు సులువయ్యాయి. సామాన్లు సర్దుకుంటున్న రోజు వంటామె బడి గిన్నెలు, గరిటె తోమి తెచ్చి నా ముందు పెట్టి, "పళ్ళాలు లెక్కజూస్కోండ్రి టీచరమ్మా, నలభై ఒకటి. ఒకటి కొత్తదే ఉన్నది, ఎవ్వలు దిన్లే" అంది. నలభై ఒక్క పేర్లు రాసిన ఏడు కొత్తగా వచ్చిన పళ్ళాలవి; దాని మీద కంపెనీ కాగితం ముక్క కూడా ఊడలేదు. నేను లెక్క చూసుకోలేదు, చూసినట్టు తలాడించాను. వాగవతలి బడిలో వంటకు అప్పటికే ఒకామె ఉంది. గరిటె పోయాక ఈమెకు ఊళ్ళో పని లేదు. మిరపకాయలు ఏరడానికి మానుకోట వైపు కూలీలను తీసుకుపోయే ట్రాలీ ఆటోలో, ఎండలు ముదరకముందే పోయింది. తొమ్మిదేళ్ళ పిల్లను ఊళ్ళో ఎవరి దగ్గర వదులుతుంది, వెంట తీసుకుపోయింది. అప్పుడైనా నేను ఆ పిల్లను నా దగ్గర ఉంచుకుని చదివిస్తానని ఒక్క మాట అనవచ్చు. నాకు తోచలేదని రాద్దామనుకున్నాను, తోచింది, అనలేదు. ఆ పిల్ల ఇంట్లో తిరుగుతుంటే రోజూ దాని ముఖం చూడాలి కదా.

మా అమ్మాయి ఆ ఇంగ్లీషుతో మేడలేమీ కట్టలేదు. రెండేళ్ళు వ్యాన్‌లో వాంతులు చేసుకుంటూ వెళ్ళింది. చివరికి నాలాగే పరీక్షలు రాసి సర్కారు టీచరైంది, బచ్చన్నపేట దగ్గరి ఓ ఊరికి రోజూ జనగామ నుంచి స్కూటీ మీద వెళ్ళివస్తుంది. దాని బడిలో పద్నాలుగు మంది పిల్లలు. ఆయమ్మ కనబడిన రోజు సాయంత్రం, చాప మీద నీ పక్కన కూర్చునే పిల్ల గుర్తుందా, నీకు పదమూడో ఎక్కం నేర్పింది అని అడిగితే, ఫోన్ లోంచి తల ఎత్తి, ఎవరమ్మా అంది. వాణ్ణి నీ బడిలోనే వేయరాదా అని మనవణ్ణి చూపించి అన్నాను, ఇన్నేళ్ళకు నాకు తెలివి వచ్చినట్టు. "నువ్వు నన్నేసినవా అమ్మా?" అంది. కోపంగా అనలేదు, ఫోన్ పక్కన పెట్టి కూర తరుగుతూ మామూలుగా అంది.

తర్వాత ఓ పది రోజులు, వ్యాన్ ఆగే ఆ రెండు నిమిషాల్లో, ఆయమ్మ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మానుకోట తోటల్లో ఆరేడేళ్ళు మిరపకాయలు ఏరి, వేళ్ళు మండి మండి చివరికి మంట తెలియకుండా పోయిందట. తల్లి పోయిందట. భర్త పాలకుర్తి రోడ్డులో ఆటో నడుపుతాడు. ఒక్కతే బిడ్డ, ఏడేళ్ళది, రెండు జడలతో అదే వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుంటుంది. బిడ్డ కోసమే ఈ పనికి కుదిరిందట. "మా ఊరి బడి ఎత్తేసిరి గద టీచరమ్మా. గీ సర్కారు బడి గూడ ఎప్పుడెత్తేస్తరో అని ముందుగాల్నే తీసి గీడ ఏసిన" అంది. ఎవరు ఎత్తేశారో ఆమెకు తెలుసో లేదో ఆ ముఖం చూస్తే నాకు అంతుపట్టలేదు.

చివరి రోజు, అంటే నేను సందు మొదటికి వెళ్ళిన చివరి రోజు, ఆమె ఎప్పటిలాగే తలలు లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి పెడుతుంటే, ఒకసారి పెడితే చాలదా అమ్మా అన్నాను, ఏదో మాట కలపడానికి. ఆమె సిగ్గుపడుతూ నవ్వింది.

"గారోజు తనిఖీ సారు వచ్చినప్పుడు నేను తప్పు లెక్క జెప్పి మీ ఇజ్జత్ తీసిన గద టీచరమ్మా, యాదికున్నదా? గప్పటి సంది నా లెక్క మీద నాకు నమ్మకం లేదు. గందుకే రెండుసార్లు వెడ్త."

ఆ రోజు నీ లెక్కే సరైంది తల్లీ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది! ఆరు మాటలు. డ్రైవరు హారన్ కొట్టాడు, ఆమె తలుపు వేసుకుంది, ముందు సీట్లోంచి ఆ రెండు జడల పిల్ల నాకు 'బై' అని చెయ్యి ఊపింది, వ్యాన్ వెళ్ళిపోయింది. హారన్ కొట్టకపోయినా నేను చెప్పేదాన్ని కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

మన రోజుల్లో ఊరి పిల్లలందరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు, పటేలు కొడుకైనా, వంటామె బిడ్డ అయినా, టీచరమ్మ బిడ్డ అయినా. ఆ చాప ఎప్పుడు చిరిగిందని, ఎవరు చించారని ఇప్పుడు మనమే పార్కు బెంచీల మీద కూర్చుని వాపోతాం; ప్రభుత్వాలను తిడతాం, కాలాన్ని తిడతాం. ఆ ఊరికి మళ్ళీ నేను పోలేదు. బడి గదుల్లో వడ్ల బస్తాలు వేసుకుంటున్నారని, వంటగోడ మాత్రం ఇంకా నిలబడే ఉందని ఆయమ్మే చెప్పింది. బొగ్గుతో రాసిన అంకెలు ఇన్ని వానలకు ఉండవులెండి.

ఆమెకు చెప్పలేనిది మీకు చెప్పాను. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో వంక పెట్టాను. ఇప్పుడు రోజూ మనవణ్ణి వ్యాన్ ఎక్కించడానికి మా అల్లుడు వెళుతున్నాడు.